అంగడి చేతిలో ఆవర్జా

అమ్మేవారినీ కొనేవారినీ ఒకచోట కలపడం అంగడి పని; ఎంత సరుకు వచ్చింది, ఎంత పోయింది, ఎవరు ఎంత బాకీ ఉన్నారు అన్న లెక్కను నిలిపి ఉంచడం పద్దుపుస్తకం పని. చాలా కాలంపాటు ఈ రెండు పనులూ వేరువేరు చేతుల్లోనే సాగాయి. సంత ఊరిదైనా, గుడిదైనా, సర్కారుదైనా, ఏ రోజు వ్యవహారాన్ని ఆ రోజు వరుసగా రాసుకునే చిట్టా, ఆ వ్యవహారాలనే ఖాతాల వారీగా విడదీసి చూపే ఆవర్జా మాత్రం వర్తకుడి గల్లాపెట్టె పక్కనే ఉండేవి. వాటిని తెరిచి చూసే అధికారం అతనికీ అతని గుమాస్తాకూ తప్ప మరొకరికి ఉండేది కాదు. ఇంటర్నెట్ కాలంలో పుట్టిన కొన్ని అంగళ్ళు ఈ ఏర్పాటును మార్చివేశాయి. కొనుగోలుదారులను వెతికి తెచ్చే ఆన్‌లైన్ వేదికే, తనకు సరుకునో సేవనో అందించే సరఫరాదారుకు నిల్వలు, ధరలు, రసీదులు, బాకీలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను కూడా సమకూరుస్తోంది. అంటే సంత నడిపేవారే వర్తకుడికి ఆవర్జాను కూడా ఇచ్చి, దానిని తమ కప్పు కిందనే రాయించుకుంటున్నారు. ఈ కలయిక ఎందుకు పుట్టింది, దాని వెనుక ఉన్న గణితం ఏమిటి, దానివల్ల ఎవరికి ఏమి దక్కింది, ఎవరి చేతినుంచి ఏమి జారిపోయింది అన్న ప్రశ్నలు ఈ అధ్యాయానికి విషయం.

హైదరాబాద్ ఉత్తర శివారులోని అల్వాల్ ఈ పరిశీలనకు తగిన చోటు. ఒకప్పుడు ప్రత్యేక పురపాలక సంఘంగా ఉండి, 2007లో మహానగర పాలక సంస్థలో కలిసి, 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం రెండు పెద్ద దారుల నడుమ ఉంది. ఒకవైపు రాజీవ్ రహదారి అల్వాల్, హకీంపేట, తూంకుంటల మీదుగా శామీర్‌పేట చేరి కరీంనగర్ వైపు సాగుతుంది. మరోవైపు 44వ జాతీయ రహదారి సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ దాటి నిజామాబాద్, ఆదిలాబాద్ దిక్కుగా పోతుంది. ఈ రెండింటి మధ్య సికింద్రాబాద్ నుంచి వచ్చే రైలు మార్గం అల్వాల్, బొల్లారం, మేడ్చల్ స్టేషన్లను కలుపుతూ వెళుతుంది. చీకటి పడే వేళకు ఈ దారుల పక్కన సంచులతో, ఫోనులోని సందేశంతో ప్రైవేటు బస్సు కోసం నిలబడే ప్రయాణికులు అక్కడివారికి కొత్త కాదు. ఆ ప్రయాణికుడు ఫోనులో చూసి ఎంచుకున్నది ఒక చిన్న గడి మాత్రమే, ఖాళీగా ఉందని రంగుతో తెలిపే సీటు గుర్తు. ఆ గడి ఆ క్షణాన నిజంగా ఖాళీగానే ఉందని ఫోనుకు ఎలా తెలిసింది అన్న చిన్న ప్రశ్నకు జవాబు వెతికితే, ఆన్‌లైన్ అంగడి సరఫరాదారుకు సాఫ్ట్‌వేర్ ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో పూర్తిగా బోధపడుతుంది.

ఒకే యజమాని, వేల యజమానులు

రైళ్ళ విషయంలో ఈ ప్రశ్నకు జవాబు సులభంగానే దొరికింది, ఎందుకంటే అక్కడ సీట్లన్నిటికీ యజమాని ఒక్కరే. భారతీయ రైల్వే 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రారంభించింది. ఆ తరువాత ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలుగా ఐదు వ్యవస్థలు ఏర్పడ్డాయి. వాటిని ఒకదానితో ఒకటి మాట్లాడించగల ‘కన్సర్ట్’ అనే సాఫ్ట్‌వేర్‌ను రైల్వేకే చెందిన సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ తయారుచేసి 1994లో మొదటగా సికింద్రాబాద్‌లోనే అమలుచేసింది. 1999 నాటికి ఐదు కేంద్రాలూ కలిసిపోయి, ఏ కౌంటరు నుంచైనా ఏ రైలుకైనా టికెట్టు ఇవ్వడం సాధ్యమైంది. 2002లో ఇంటర్నెట్‌లో టికెట్ల అమ్మకం మొదలయ్యేనాటికి, అమ్మవలసిన బెర్తుల లెక్కంతా అప్పటికే కంప్యూటర్లలో ఉంది. పద్దు ముందు కుదిరింది, అంగడి తరువాత వచ్చింది. అల్వాల్‌కు కూతవేటు దూరంలో జరిగిన ఈ పని ఎంత గొప్పదో, ప్రైవేటు బస్సుల కథను దాని పక్కన పెట్టి చూసినప్పుడే తెలుస్తుంది.

ప్రైవేటు బస్సుల యజమానులు ఒకరు కారు, పదుగురు కారు. నాలుగు బస్సులున్న ట్రావెల్స్ మొదలు వందలాది బస్సులు నడిపే సంస్థలదాకా ఎవరి పద్ధతి వారిది. 2000ల మధ్యకాలం దాకా వారందరికీ ఉమ్మడిగా ఉన్నది ‘చార్టు’ అనే కాగితం ఒక్కటే. బస్సులోని సీట్ల వరుసలను గడులుగా గీసి, అమ్ముడైన గడిలో ప్రయాణికుడి పేరు, ఎక్కే చోటు, టికెట్టు రాసిన ఏజెంటు గుర్తు వేసుకునేవారు. చార్టు ప్రధాన కార్యాలయంలో ఉండేది. ఏజెంట్లు ఊరంతా ఉండేవారు. ఏజెంటు ఫోను చేసి అడిగి, అవతలివారు చార్టు చూసి చెప్పి, గడి నింపి, సీటు నంబరు చెప్పేదాకా ప్రయాణికుడు కౌంటరు ముందు నిలబడాల్సి వచ్చేది. పండుగ రోజుల్లో ఆ ఫోను కలిసేది కాదు. ఈ చిక్కును తప్పించుకోవడానికి యజమానులు కనిపెట్టిన ఉపాయం కోటా, అంటే ప్రతి ఏజెంటుకూ కొన్ని సీట్లను ముందుగానే కేటాయించి, వాటిని అడగకుండా అమ్ముకునే స్వేచ్ఛ ఇవ్వడం. కోటా ఫోను బెడదను తగ్గించింది, కానీ దానిలో ఒక గణిత లోపం దాగి ఉంది. ఆన్‌లైన్ బస్సు టికెట్ల వ్యాపారమంతా ఆ లోపం మీదనే నిలబడిందని చెప్పవచ్చు.

విడగొడితే ఖాళీ, కలిపితే నిండుదనం

నలభై సీట్ల బస్సు ఒకటి ఉందని, అల్వాల్, లోతుకుంట, సుచిత్ర, కొంపల్లి, మేడ్చల్ వంటి చోట్ల ఎనిమిది మంది ఏజెంట్లకు తలా ఐదు సీట్ల కోటా ఇచ్చారని అనుకోవచ్చు. ఒక్కొక్క ఏజెంటు దగ్గరికి రోజుకు సగటున ఐదుగురే వస్తారనీ అనుకోవచ్చు. పైకి చూస్తే లెక్క సరిగ్గా సరిపోయింది. నలభై సీట్లు, నలభై మంది. కాని సగటు ఐదు అంటే ప్రతిరోజూ ఐదుగురే వస్తారని అర్థం కాదు. ఒకరోజు అల్వాల్‌లో ఎనిమిది మంది అడగవచ్చు, అదే రోజు మేడ్చల్‌లో ఇద్దరే రావచ్చు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ముందుగా చెప్పలేని వేళల్లో వచ్చే మనుషుల సంఖ్య సగటు చుట్టూ ఎలా చెదురుతుందో వర్ణించే సూత్రాన్ని గణితంలో పాయిజాన్ విభాజనం అంటారు. ఆ సూత్రం ప్రకారం, సగటు ఐదు ఉన్నచోట ఐదు సీట్లు పెట్టుకున్న ఏజెంటు సగటున అమ్మగలిగేది నాలుగు సీట్లకు కొంచెం పైన, 4.12 మాత్రమే, మిగిలిన 0.88 సీటు ఖాళీగా పోతుంది. ఎనిమిది మందికి కలిపి ఖాళీగా పోయేవి ఏడు సీట్లు. అదే సమయంలో సీటు దొరక్క వెనుదిరిగే ప్రయాణికులు కూడా సగటున ఏడుగురే. అల్వాల్ ఏజెంటు లేదని పంపించివేసిన మనిషికి సరిపోయే సీటు మేడ్చల్ ఏజెంటు దగ్గర అమ్ముడుపోకుండా పడి ఉంటుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

కోటాలను ఎత్తివేసి, నలభై సీట్లనూ ఒకే చార్టులో ఉంచి, ఎనిమిది మందికీ ఆ చార్టు ఎప్పటికప్పుడు కనిపించేలా చేస్తే, అదే నలభై మంది సగటు గిరాకీకి ఖాళీగా మిగిలేవి రెండున్నర సీట్లు. ఏజెంటు మారలేదు, బస్సు మారలేదు, వచ్చే మనుషుల సంఖ్య మారలేదు. లెక్క ఒకచోట చేరినందువల్లనే రోజుకు నాలుగున్నర టికెట్లు అదనంగా అమ్ముడయ్యాయి. ఒకచోట పెరిగిన గిరాకీ మరొకచోట తగ్గిన గిరాకీతో సర్దుకుపోవడమే దీనికి కారణం. పాయిజాన్ సూత్రంలో చెదురుబాటు సగటు యొక్క వర్గమూలంతో పాటు పెరుగుతుంది. ఐదుకు వర్గమూలం 2.24, నలభైకి 6.3. ఎనిమిది వేరువేరు చెదురుబాట్లను కూడితే దాదాపు పద్దెనిమిది వస్తుంది, కలిపిన చెదురుబాటు దానిలో మూడో వంతు మాత్రమే. గిడ్డంగుల నిర్వహణలో, బీమా వ్యాపారంలో, ఆసుపత్రి పడకల లెక్కలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. బస్సు విషయంలో దీనికి ప్రత్యేకమైన విలువ ఉంది: బియ్యం బస్తా ఇవాళ అమ్ముడుపోకపోతే రేపు అమ్ముకోవచ్చు, రాత్రి పది గంటలకు బయలుదేరిన బస్సులోని ఖాళీ సీటు మాత్రం ఆ క్షణంతోనే విలువ కోల్పోతుంది.

ఈ ఒక్క చార్టును సృష్టించడమే అసలు సమస్య. అంగడి ఎంత అందంగా కట్టినా, అందులో చూపే సీటు నిజంగా ఖాళీగా ఉందో లేదో తెలియకపోతే ఆ అంగడికి విలువ లేదు. ఆ నిజం యజమాని కార్యాలయంలోని కాగితం మీద ఉన్నంతకాలం ఇంటర్నెట్ దానిని చూడలేదు. కనుక బస్సు టికెట్లు అమ్మదలచినవారు ముందుగా బస్సు యజమాని పద్దును కంప్యూటర్‌లోకి తేవలసి వచ్చింది.

రెడ్‌బస్ చేసిన పని

ఈ పనికి పూనుకున్న తొలి సంస్థల్లో ముఖ్యమైనది రెడ్‌బస్. బిట్స్ పిలానీలో చదువుకున్న ముగ్గురు తెలుగు ఇంజనీర్లు ఫణీంద్ర సామ, సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజు 2006లో బెంగళూరులో దీనిని స్థాపించారు. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర అప్పట్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉద్యోగి. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరక్క ఆగిపోవలసి రావడం ఈ ఆలోచనకు మూలమని ఆయన అనేకసార్లు చెప్పారు. ఆ రోజు ఏదో ఒక ఏజెంటు కోటాలో సీటు ఖాళీగానే ఉండి ఉండవచ్చుననీ, దానిని చూసే దారి మాత్రమే లేదనీ గ్రహించడం ఆ ఆలోచనలోని పదును.

ఈ స్నేహితులు మొదట తయారుచేసినది అంగడి కాదు, బస్సు యజమానులకు ఉపయోగపడే సాఫ్ట్‌వేర్. దానిని తీసుకోవడానికి యజమానులు ముందుకు రాలేదు. అప్పుడు వారు దారి మార్చి, కొన్ని సీట్ల కోటా అడిగి తీసుకుని, వాటిని వెబ్‌సైటులో అమ్మడం మొదలుపెట్టారు; అంటే తాము రద్దు చేయదలచుకున్న కోటా పద్ధతిలోనే తామూ ఒక ఏజెంటుగా చేరారు. అమ్మకాలు చూసి యజమానులకు నమ్మకం కుదిరాక, బస్ ఆపరేటర్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అనే పేరులోని తొలి అక్షరాలతో ‘బాస్’ అని పిలిచే నిర్వహణ సాఫ్ట్‌వేర్ వారి కార్యాలయాల్లోకి ప్రవేశించింది. చార్టు, ఛార్జీల మార్పు, రద్దయిన టికెట్ల డబ్బు వాపసు, ఏజెంట్ల కమీషను, వారి దగ్గర నిలిచిపోయిన బాకీలు, ఎక్కే చోట్ల వారీగా ప్రయాణికుల జాబితా అన్నీ అందులోకి చేరాయి. దానికి తోడుగా ‘సీట్‌సెల్లర్’ అనే మరో వ్యవస్థ, యజమానుల సీట్లను ఊరూరా ఉన్న ఏజెంట్ల తెరలకు చేర్చింది. ప్రయాణికుడి వెబ్‌సైటు, ఏజెంటు తెర, యజమాని కార్యాలయం మూడూ ఒకే చార్టును చూడడం అప్పటినుంచి మొదలైంది.

మొదట్లో యజమానులు నిరాకరించడాన్ని కంప్యూటర్ల పట్ల అజ్ఞానంగా చిత్రించడం పరిపాటి అయింది, కాని అది న్యాయమైన అంచనా కాదు. వ్యాపారంలో చార్టు ఒక రహస్య పత్రం. ఏ రోజు ఎన్ని సీట్లు నిండాయి, ఏ ఏజెంటు ఎంత తెస్తున్నాడు, పండుగకు ఎంత ఛార్జీ దాకా జనం ఒప్పుకుంటున్నారు అన్న సంగతులు పోటీదారుకు తెలియకుండా ఉండడమే యజమాని బలం. పైగా ప్రైవేటు బస్సుల్లో ఎక్కువ భాగం, మోటారు వాహనాల చట్టంలో కాంట్రాక్ట్ క్యారేజీగా పిలిచే, ముందుగా కుదుర్చుకున్న ప్రయాణికులను మాత్రమే ఎక్కించుకోవలసిన పర్మిట్ల మీద నడుస్తాయి. కనుక ఆ జాబితాకు చట్టపరమైన బరువు కూడా ఉంది. అలాంటి కాగితాన్ని ఎవరో ముగ్గురు యువకులు నడిపే కంప్యూటర్‌లో పెట్టడానికి జంకడం వర్తకుడి సహజమైన జాగ్రత్త. ఆ జాగ్రత్తలో ఎంత ముందుచూపు ఉందో ఈ అధ్యాయం చివరి భాగంలో తేలుతుంది.

అందరూ ఒకే చార్టును చూడడం మొదలైన వెంటనే మరో సాంకేతిక సమస్య ఎదురవుతుంది. సంక్రాంతి ముందు ఒక కిటికీ పక్క సీటును అల్వాల్‌లో ఒకరు, దిల్‌సుఖ్‌నగర్‌లో మరొకరు ఒకే క్షణంలో నొక్కితే ఏమి కావాలి? కాగితం చార్టు ఉన్నప్పుడు కలం ఒక్కటే కనుక ఈ ప్రశ్న పుట్టలేదు. కంప్యూటర్ శాస్త్రంలో దీనికి జవాబు ‘లావాదేవీ’ అన్న భావన: సీటు ఖాళీగా ఉందో లేదో చూడడం, దానిని ఒకరి పేరున నిలపడం, డబ్బు తీసుకోవడం, టికెట్టు రాయడం అనే పనులన్నిటినీ ఒకే ముడిగా భావించి, అయితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగనట్టే మిగలాలి. ఈ భావనను దృఢమైన శాస్త్రంగా నిలబెట్టిన అమెరికన్ శాస్త్రవేత్త జిమ్ గ్రేకు 1998లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు లభించింది. ఆచరణలో, ముందుగా నొక్కినవారి పేరున సీటుకు కొన్ని నిమిషాలపాటు తాళం పడుతుంది. ఆ గడువులో బ్యాంకు నుంచి డబ్బు అందకపోతే తాళం దానంతట అదే విడిపోతుంది. డబ్బు ఖాతా నుంచి పోయి టికెట్టు రాని సందర్భాలు ఈ ముడి రెండు సంస్థల కంప్యూటర్ల మధ్య సాగడం వల్ల ఏర్పడేవి. బ్యాంకు తన వంతు పని పూర్తిచేసి, ఆ కబురు వేదికకు చేరేలోగా తాళం విడిపోతే, ముడిని వెనక్కి విప్పి డబ్బు తిరిగి ఇవ్వడానికి రోజులు పడుతుంది.

హైదరాబాద్‌లోనే పుట్టిన అభిబస్‌ను 2008లో సుధాకర్ రెడ్డి చిర్రా స్థాపించారు. ఈ సంస్థ కూడా ప్రయాణికులకు టికెట్లు అమ్ముతూనే బస్సు నిర్వాహకులకు సాఫ్ట్‌వేర్ అందించే దారిలో సాగింది. 2013లో రెడ్‌బస్‌ను ఐబిబో గ్రూపు కొనుగోలు చేసింది, 2017లో ఐబిబో మేక్‌మైట్రిప్‌లో కలిసింది. అభిబస్ 2021లో ఇక్సిగో చేతికి వచ్చింది. తెలుగువారు నాటిన రెండు మొక్కలూ ఈ విధంగా విమానాలు, హోటళ్ళు, రైళ్ళు అన్నీ అమ్మే పెద్ద సంస్థల తోటల్లోకి చేరాయి. వాటితోపాటు వేలాది బస్సుల చార్టులు కూడా చేతులు మారాయన్న సంగతిని వ్యాపార వార్తలు ప్రత్యేకంగా చెప్పలేదు, కాని సరఫరాదారు దృష్టిలో అసలైన వార్త అదే.

ఇతర అంగళ్ళు

బస్సులకు ముందే ఈ బాట వేసినది భోజనశాలల రంగం. 1998లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైన ఓపెన్‌టేబుల్, రెస్టారెంట్లలో బల్లల కేటాయింపు రాసుకునే పుస్తకం స్థానంలో కంప్యూటర్ పుస్తకాన్ని అమ్మింది. రెస్టారెంటు నెలకు కొంత చందా చెల్లించేది. వేదిక ద్వారా వచ్చి కూర్చున్న ప్రతి అతిథికీ ఒక డాలరు, రెస్టారెంటు సొంత వెబ్‌సైటు ద్వారా వచ్చినవారికి పావు డాలరు అదనంగా ఇచ్చేది. తెచ్చిన గిరాకీకీ ఇచ్చిన పనిముట్టుకూ వేరువేరు ధరలు ఉన్న ఈ పద్ధతిని ఆ తరువాత అనేక వేదికలు అనుసరించాయి. బస్సు టికెట్టు వేదికలాగే ఇక్కడ కూడా సాఫ్ట్‌వేర్ లేనిదే అంగడి లేదు, ఎందుకంటే ఖాళీ బల్ల సంగతి ఆ పుస్తకానికి తప్ప వేరెవరికీ తెలియదు.

వస్తువుల టోకు వ్యాపారంలో క్రమం తలకిందులైంది. 1996లో మొదలైన ఇండియామార్ట్, తయారీదారుల వివరాలను కొనుగోలుదారులకు చూపే పట్టికగా దాదాపు పాతికేళ్ళు నడిచిన తరువాత పద్దు వైపు మళ్ళింది. చిన్న దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ‘వ్యాపార్’లో 2019లో వాటా తీసుకుని, 2022లో ‘బిజీ’ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ సంస్థను 500 కోట్ల రూపాయలకు పూర్తిగా కొన్నది. జీడిమెట్ల, మేడ్చల్ పారిశ్రామికవాడల్లోని చిన్న తయారీదారు తన యంత్ర భాగాలకు కొనేవారిని వెతికే చోటూ, తన జీఎస్టీ బిల్లు రాసుకునే చోటూ ఒకే గూటికి చేరే వీలు ఇలా ఏర్పడింది. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీ ఈ మార్పును బాగా వేగవంతం చేసింది. అంతకుముందు కాగితం బిల్లుతో సరిపెట్టుకున్న దుకాణం కూడా కంప్యూటర్‌లో రాయక తప్పని స్థితి వచ్చింది. 2018 అక్టోబరు నుంచి ఆన్‌లైన్ వేదికలు విక్రేతకు చెల్లించే సొమ్ములోంచి పన్నులో కొంత భాగాన్ని ముందుగానే పట్టుకుని ప్రభుత్వానికి కట్టవలసి రావడంతో, వేదిక లెక్కా విక్రేత లెక్కా పైసాతో సహా సరిపోలడం అవసరమైంది.

గృహోపయోగ వస్తువుల చిల్లర వ్యాపారానికి మేడ్చల్ సమీపంలోని గుండ్లపోచంపల్లి మంచి సాక్ష్యం. 2015 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్ అక్కడ 2.2 లక్షల చదరపు అడుగుల గిడ్డంగిని ప్రారంభించింది. అప్పటికి దేశంలో ఆ సంస్థకు ఉన్నవాటిలో అదే పెద్దది. ఆ గిడ్డంగిలోని సరుకు చట్టం దృష్టిలో ఫ్లిప్‌కార్ట్‌ది కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అంగడి సరుకును తానే సొంతంగా ఉంచుకుని వినియోగదారులకు అమ్మరాదని భారత ప్రభుత్వ నియమం. 2019 ఫిబ్రవరి నుంచి ఆ నియమం మరింత బిగిసింది. కనుక అరలో పక్కపక్కనే ఉన్న రెండు కుక్కర్లు ఇద్దరు వేరువేరు విక్రేతల ఆస్తి కావచ్చు, ఆ భేదం తెలిసినది సాఫ్ట్‌వేర్‌కు ఒక్కదానికే. విక్రేత తన సరుకును కళ్ళతో చూడడు. వేదిక ఇచ్చిన విక్రేతల తెరలో నిల్వ సంఖ్యను, వాపసు వచ్చిన వస్తువుల పట్టికను, కమీషను పోను తనకు జమ కావలసిన మొత్తాన్ని చూస్తాడు. గిడ్డంగి గోడలు కనిపిస్తాయి, ఆ తెర కనిపించదు. అయినా ఆ వ్యాపారాన్ని నిజంగా మోస్తున్నది ఆ తెరే.

పద్దును చూసే కన్ను

అంగడి నడిపేవారికి సరఫరాదారు పద్దు కనబడితే ఏమవుతుందన్న ప్రశ్నకు చరిత్రలో ఒక స్పష్టమైన జవాబు ఉంది. అమెరికన్ ఎయిర్‌లైన్స్, ఐబీఎం కలిసి 1960ల ఆరంభంలో నెలకొల్పిన ‘సేబర్’ విమాన సీట్ల వ్యవస్థ, 1976 నుంచి ట్రావెల్ ఏజెంట్ల బల్లల మీదికి చేరింది. అందులో ఇతర విమాన సంస్థల సీట్లు కూడా అమ్మేవారు. ఏజెంటు తెర మీద మొదట కనిపించే విమానాన్నే ఎక్కువగా అమ్ముతాడు కనుక, వ్యవస్థ యజమాని అయిన విమాన సంస్థ తన విమానాలు పైవరుసల్లో కనిపించేలా క్రమాన్ని అమర్చుకుంది. ఇతర సంస్థల ఫిర్యాదుల మీద అమెరికా ప్రభుత్వం 1984లో నియమాలు చేసి ఈ పక్షపాత ప్రదర్శనను నిషేధించింది. చార్టు ఉమ్మడిది కావచ్చు, చార్టును చూపే తెరకు మాత్రం యజమాని ఒకరున్నారని లోకానికి తెలిసిన మొదటి పెద్ద సందర్భం ఇది.

రెండో రకం ప్రమాదం చూపే వరుసలో కాక, చూసే కంటిలో ఉంది. తమ వేదిక మీద అమ్ముకునే స్వతంత్ర విక్రేతల అంతరంగిక అమ్మకాల సమాచారాన్ని అమెజాన్ తన సొంత చిల్లర వ్యాపారానికి వాడుకుంటోందన్న అనుమానంతో యూరోపియన్ కమిషన్ 2019లో విచారణ మొదలుపెట్టింది. అటువంటి సమాచారాన్ని వాడబోమని ఆ సంస్థ ఇచ్చిన కట్టుబాట్లను 2022 డిసెంబరులో ఆమోదించి విచారణను ముగించింది. అదే ఏడాది యూరప్ చేసిన డిజిటల్ మార్కెట్ల చట్టం, అతి పెద్ద వేదికలు వ్యాపారుల రహస్య సమాచారంతో వారితోనే పోటీ పడకూడదనీ, ఆ వ్యాపారులు తమ అమ్మకాల సమాచారాన్ని ఉచితంగా, ఎప్పటికప్పుడు పొందే వీలు ఉండాలనీ నిర్దేశించింది. భారతదేశంలో 2024 మార్చిలో వెలువడిన డిజిటల్ పోటీ బిల్లు ముసాయిదాలోనూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి. అవి కూడా అతి పెద్ద సంస్థలను దృష్టిలో పెట్టుకుని రాసినవే; ఒక్కొక్క రంగానికి పరిమితమైన వేదికకు చార్టు అప్పగించిన చిన్న యజమానికి వాటి నీడ దొరుకుతుందన్న భరోసా లేదు.

ఈ వ్యవస్థల మేలును తక్కువ చేయడానికి వీల్లేదు. ఏడు ఖాళీ సీట్లను రెండున్నరకు తగ్గించే శక్తి వాటికి ఉంది. అల్వాల్‌లో ఎక్కే ప్రయాణికుడికి మునుపు కనబడని సీటు కనబడింది, నాలుగు బస్సుల యజమానికి మునుపు చేరని ఊళ్ళ నుంచి గిరాకీ వచ్చింది. అయితే లెక్క ఒకచోట చేరినప్పుడే ఈ మేలు కలుగుతుంది కనుక, ఎక్కువ మంది చేరిన వేదికకే మరింత మంది చేరతారు. చివరికి రెండు మూడు వేదికలే మిగులుతాయి. పదేళ్ళ ఏజెంట్ల బాకీలు, ప్రయాణికుల పట్టిక, ఏ పండుగకు ఏ దారిలో ఎంత గిరాకీ ఉంటుందన్న అనుభవం అంతా ఆ సాఫ్ట్‌వేర్‌లో పేరుకున్న తరువాత, కమీషను ఒక శాతం పెరిగినా యజమాని దానిని వదిలి బయటికి రాలేడు. వేదికను వదిలితే గిరాకీ పోవడం ఒక్కటే అయితే తట్టుకోవచ్చు. దానితో పాటు తన వ్యాపారపు జ్ఞాపకం కూడా పోతుంది. కాగితం చార్టు కాలంలో ఆ జ్ఞాపకం నష్టాల మధ్య కూడా యజమాని బీరువాలోనే ఉండేది. కేంద్ర ప్రభుత్వ ప్రోత్సాహంతో 2021 చివర ఏర్పడిన ఓఎన్‌డీసీ, కొనేవారి యాప్ ఒక సంస్థదీ, అమ్మేవారి యాప్ మరొక సంస్థదీ అయినా రెండూ ఉమ్మడి నియమాలతో మాట్లాడుకునే ఏర్పాటును ప్రతిపాదించింది. అంగడినీ ఆవర్జానూ మళ్ళీ వేరు చేయడానికి దేశంలో జరిగిన గట్టి ప్రయత్నం అదే.

చట్టం ఏ రూపం తీసుకున్నా, ఈ రోజున వేదికతో ఒప్పందం చేసుకుంటున్న మేడ్చల్ తయారీదారు, శామీర్‌పేట దుకాణదారు, అల్వాల్ మీదుగా బస్సులు నడిపే యజమాని ఒక నిబంధనను రాతపూర్వకంగా కోరి తీసుకోవాలి: తన చిట్టా, ఆవర్జాల పూర్తి ప్రతిని, వేరే సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో, అడిగిన రోజున, రుసుము లేకుండా ఇవ్వాలి. కమీషను ఎంత అన్న బేరం కన్నా ముందు కుదుర్చుకోవలసిన బేరం ఇదే.